పోలింగ్ రోజు బూత్‌కు వెళ్ళలేకపోతే: పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ళకు ఏ దారి మేలు?

ఎన్నికల తేదీలు ప్రకటించగానే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్ళల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఆ రోజు ఊళ్ళో ఉండలేం, ముందే వేసేసి వెళ్ళిపోవచ్చా?" అమెరికాలో ఉన్న మనవడు ఫోన్ చేసి, ఇక్కడ జనం పోలింగ్‌కు ఎన్నో రోజుల ముందే వేసేస్తున్నారు తాతా అని చెప్పి ఉంటాడు. మన దేశంలో అది లేదు. పని ఉందనో, పెళ్ళి ఉందనో, ప్రయాణం ఉందనో ముందే ఓటు వేసే వీలు ఎవరికీ ఇవ్వలేదు. చట్టం పేరుపెట్టి చెప్పిన కొందరికే పోస్టల్ బ్యాలెట్, ఇంటి దగ్గర ఓటు, మారు మనిషితో ఓటు లాంటివి ఉన్నాయి. కాబట్టి ముందు ఆ కొందరిలో మీరు ఉన్నారో లేదో తేల్చుకోవాలి. ఉన్నా, ఆ సదుపాయం తీసుకోవడమే మేలా అన్నది వేరే లెక్క. చాలామంది ఈ రెండో లెక్క వేసుకోకుండానే ఫారం నింపేస్తున్నారు.

ఇక్కడ రాసేదంతా లోక్‌సభ, శాసనసభ ఎన్నికల గురించే. పంచాయతీ, మునిసిపాలిటీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. ఈ నియమాలు వాటికీ వర్తిస్తాయని అనుకోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే: ఇంటి ఓటా, బూత్ ఓటా?

మన వైపు ఎక్కువ ఇళ్ళకు అవసరమయ్యేది ఇదే. 2019లో నియమాలు మార్చి, 80 ఏళ్ళు దాటినవాళ్ళు ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ మీద ఓటు వేసే వీలు కల్పించారు. ఆ ఏడాది జార్ఖండ్ శాసనసభ ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో మొదలుపెట్టారు. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా వచ్చింది. ఆ ఎన్నికలకు కొద్దిగా ముందు, 2024 మార్చిలో, వయసును 80 నుంచి 85కి పెంచారు. మా వీధిలో ఇప్పటికీ సగంమంది 80 అనే అనుకుంటున్నారు. 82 ఏళ్ళ తాతగారి కోసం ఎదురుచూసి, ఎవరూ రాలేదని కోప్పడి లాభం లేదు.

వయసు విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో అనుకునే వయసు లెక్కలోకి రాదు, ఓటరు జాబితాలో ఉన్నదే లెక్క. వెనకటి మనుషులకు పుట్టిన తేదీ ఎక్కడా రాసి ఉండదు. తుఫాను వచ్చిన ఏడాది పుట్టాడనో, ఫలానా వాళ్ళ పెళ్ళినాటికి చంటిపిల్ల అనో చెబుతారు. జాబితా రాసినాయన తోచిన అంకె వేసి ఉంటాడు. నాయనమ్మకు 88 ఏళ్ళని ఇల్లంతా అనుకుంటున్నా, జాబితాలో 79 ఉండొచ్చు. ఆధారం చూపించి, జాబితాలో దిద్దుబాట్లకూ చిరునామా మార్పుకూ పెట్టే ఫారం 8తో ముందే సరిచేయించుకోవాలి. ఎన్నికలు ప్రకటించాక చూద్దాంలే అంటే కుదిరే పని కాదు.

వయసు సరిపోతే ఇంటి ఓటు కోసం నింపాల్సింది ఫారం 12డి. బూత్ లెవల్ అధికారి, మన వాడుకలో బీఎల్ఓ, ఇంటికొచ్చి ఫారం ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళాలి. మన ఊళ్ళల్లో ఈ పని అంగన్‌వాడీ కార్యకర్తకో, బడి మాస్టారుకో ఉంటుంది. ఎక్కువమంది తప్పిపోయేది గడువు దగ్గర. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక అయిదు రోజుల్లోపు ఫారం రిటర్నింగ్ అధికారికి చేరాలి. తేదీలు ప్రకటించిన రోజు వేరు, నామినేషన్లు మొదలుపెట్టే నోటిఫికేషన్ వచ్చే రోజు వేరు. 2024లో తేదీలు మార్చి 16న ప్రకటించారు. మన బరంపురం, కోరాపుట్ లోక్‌సభ స్థానాలకు నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, పోలింగ్ మే 13న జరిగింది. అంటే పోలింగ్‌కు ఇంకా దాదాపు మూడు వారాలు ఉండగానే 12డి గడువు అయిపోయింది. అప్పటికి మన ఊళ్ళల్లో ప్రచార బళ్ళు కూడా సరిగ్గా తిరగడం మొదలుపెట్టలేదు. జనానికి ఎన్నికల వేడి తగిలే వేళకే ఈ గడువు దాటిపోతుంది. అందుకే నోటిఫికేషన్ తేదీని క్యాలెండరు మీద రాసి పెట్టుకోమంటాను.

ఇంటి ఓటు ఎలా జరుగుతుందో 2024లో మా వీధి చివరి మామ్మగారి ఇంట్లో దగ్గరగా చూశాను. ఏ రోజు వస్తారో ముందే కబురు వచ్చింది. ఇద్దరు పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే కుర్రాడు, ఒక కానిస్టేబులు వచ్చారు. గుమ్మంలోనే కార్డు చూసి, జాబితాలో పేరు సరిచూసి, సంతకం చేయించుకున్నారు. మంచం పక్కనే చిన్న బల్ల వేసి, చుట్టూ అట్ట మడత పెట్టి మరుగు చేశారు. లోక్‌సభకు తెల్ల బ్యాలెట్, శాసనసభకు గులాబీ బ్యాలెట్. వీడియో కుర్రాడు కెమెరా పక్కకు తిప్పేసి నిలబడ్డాడు. కోడలు అలవాటు కొద్దీ "అత్తా, ఇదిగో ఇక్కడ" అంటూ దగ్గరికి రాబోతే, వచ్చిన మేడమ్ చెయ్యి అడ్డంపెట్టి బయటికి పంపేసింది. మామ్మగారు పెన్ను పట్టుకుని చాలాసేపు తీసుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. బ్యాలెట్‌ను మడిచి చిన్న కవరులో పెట్టి, దాన్నీ, ఈ ఓటరును నేనే అని సంతకం చేసే 13ఎ ప్రమాణపత్రాన్నీ పెద్ద కవరులో పెట్టి అతికించారు. ఆ కోడలిని బయటికి పంపడం నాకు ఎంతో నచ్చింది. ఇంట్లో జరిగినా అది రహస్య ఓటే. ఇంట్లోవాళ్ళు ఎంత ప్రేమగా ఉన్నా ఆ మరుగు దగ్గరికి వెళ్ళకూడదు.

మరి ఏది ఎంచుకోవాలి? నడవగలరా లేదా అన్న ఒక్క దాని మీదే తేల్చేయకండి. ఈ విషయంలో నా మాట ఇది: పెద్దవాళ్ళు ఏడాది పొడుగునా ఒకే ఇంట్లో ఉంటే ఇంటి ఓటు తీసుకోండి, ఊళ్ళు మారుతూ ఉంటే తీసుకోవద్దు. ఎందుకంటే 12డి ఆమోదం పొంది పోస్టల్ బ్యాలెట్ జారీ అయ్యిందంటే, జాబితాలో మీ పేరు పక్కన ఆ గుర్తు పడిపోతుంది. ఆ తర్వాత పోలింగ్ రోజు బూత్‌కు వెళ్ళినా వేయనివ్వరు. బృందం వచ్చేది జాబితాలో ఉన్న చిరునామాకే. మొదటిసారి మనిషి లేకపోతే రెండోసారి వస్తారు, అంతటితో సరి. మనవైపు పెద్దవాళ్ళు చాలామంది రెండు నెలలు విశాఖలో పెద్దకొడుకు దగ్గర, రెండు నెలలు ఇక్కడ చిన్నకొడుకు దగ్గర ఉంటారు. ఆ వారం విశాఖలో ఉండిపోతే ఇంటి ఓటు పోతుంది, బూత్ ఓటూ పోతుంది. అలాంటివాళ్ళకు బూతే నమ్మకం. మే ఎండ భయం ఉన్నమాట నిజమే. పొద్దున్న ఏడింటికే ఆటో మాట్లాడుకుని వెళితే, ముసలివాళ్ళను వరసలో నిలబెట్టకుండా ముందు పంపుతారు. చక్రాల కుర్చీ, ర్యాంపు కూడా ఉండాలి.

మంచాన పడినవాళ్ళ విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు. ఇంటి ఓటే అడగండి.

ఒడియా లిపి చదవలేని పెద్దలకు ఒక మాట చెప్పాలి. 12డి ఫారం ఒడియాలో ఇస్తే, సంతకం చేసే ముందు అందులో ఏముందో బీఎల్ఓ చేతే చదివించి చెప్పించుకోండి. ఇంటి ఓటుకు ఒప్పుకుంటున్నామని తెలియకుండా వేలిముద్ర వేసి, తర్వాత బూత్‌కు వెళ్ళి గొడవపడటం ఎవరికీ మంచిది కాదు. బూత్‌లో తోడు మనిషిని తీసుకెళ్ళే వీలు చూపు లేనివాళ్ళకు, ఒంట్లో శక్తి లేక బటన్ నొక్కలేనివాళ్ళకే ఉంది. చదువు రాకపోవడం, ఆ లిపి రాకపోవడం దానికి కారణంగా ఒప్పుకోరు. అభ్యర్థి ఫొటో బ్యాలెట్ మీద ఉంటుంది కాబట్టి, ఎవరి మొహం ఏదో ఇంట్లోనే గుర్తుపట్టేలా చూపించి పెట్టండి. తోడు వెళ్ళేవాళ్ళు 18 ఏళ్ళు నిండినవాళ్ళై ఉండాలి. ఒకరు ఆ రోజు ఒక్క ఓటరుకే తోడుగా వెళ్ళగలరు. ఇంట్లో తాతకూ నాయనమ్మకూ ఇద్దరికీ చూపు లేకపోతే ఇద్దరు తోడు కావాలి.

వికలాంగులకు వయసుతో పనిలేదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే అదే 12డి, అదే గడువు. జాబితాలో మీ పేరు దగ్గర వైకల్యం నమోదై ఉండాలి, అది కూడా ఫారం 8తోనే చేయించుకోవాలి. ఇంటి ఓటు వద్దనుకుని బూత్‌కే వెళ్ళాలనుకుంటే, ఎన్నికల సంఘం సక్షమ్ యాప్‌లో చక్రాల కుర్చీ, బండి సాయం అడగొచ్చు. వయసులో ఉన్న వికలాంగులు వీలైతే బూత్‌కే వెళ్ళాలని నా కోరిక. ర్యాంపు లేని బడి ఒకటి ఉందని ఊరికి తెలిసేది వాళ్ళు వచ్చినప్పుడే. అయినా అది వాళ్ళ నిర్ణయం, ఎవరూ బలవంతపెట్టే విషయం కాదు.

డ్యూటీ పడ్డవాళ్ళు

ఎన్నికల డ్యూటీ పడిన మాస్టార్లకు, గుమాస్తాలకు, పోలీసులకు రెండు దారులున్నాయి. ఓటున్న నియోజకవర్గంలోనే డ్యూటీ పడితే ఫారం 12ఎ నింపి ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది చూపించి డ్యూటీ చేస్తున్న బూత్‌లోనే మెషీన్ మీద ఓటు వేయొచ్చు. వేరే నియోజకవర్గంలో పడితే ఫారం 12 నింపి పోస్టల్ బ్యాలెట్ అడగాలి. వీలున్నచోట సర్టిఫికెట్ దారే ఎంచుకోండి. మెషీన్ మీద నొక్కిన ఓటు సంతకం లేదనో, కవరు తప్పనో చెల్లకుండా పోదు. పోస్టల్ బ్యాలెట్‌కు 13ఎ ప్రమాణపత్రం మీద మీ సంతకం, ధ్రువీకరించిన అధికారి సంతకం సరిగ్గా ఉండాలి. 2024లో ఆంధ్రలో 13ఎ మీద అధికారి సంతకం ఉండి సీలు లేకపోతే చెల్లుతుందా లేదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

పోస్టల్ బ్యాలెట్ ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా నింపి, లెక్కింపు రోజులోగా పంపేద్దామన్న పాత అలవాటు డ్యూటీవాళ్ళకు ఇక కుదరదు. 2023లో నియమం మార్చారు. ట్రైనింగ్ జరిగే చోట డ్యూటీవాళ్ళ ఓటు కోసం పెట్టే ఫెసిలిటేషన్ కేంద్రంలోనే వేసి రావాలి.

మన సరిహద్దుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కాపురం పర్లాకిమిడిలో, ఓటు పర్లాకిమిడిలో, ఉద్యోగం మాత్రం ఏరు దాటి పాతపట్నం వైపు ఆంధ్ర ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకు డ్యూటీ ఆంధ్రలో పడుతుంది. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న రెండువైపులా ఒకే రోజు పోలింగ్ జరిగింది కాబట్టి డ్యూటీ చేసి వచ్చి వేద్దామన్నా కుదరలేదు. వీళ్ళకు బ్యాలెట్ ఇవ్వాల్సింది ఒడిశా రిటర్నింగ్ అధికారి. శ్రీకాకుళం జిల్లాలో ట్రైనింగ్ ఇచ్చేచోట మీ బ్యాలెట్ దానంతట అది వచ్చి ఉండదు. డ్యూటీ ఆర్డరు చేతికి వచ్చిన రోజే ఫారం 12 నింపి, ఆర్డరు కాపీ జతచేసి ఇవ్వండి. ఇలాగే పర్లాకిమిడి ఓటరుకు మోహనలో డ్యూటీ పడితే లోక్‌సభ స్థానం బరంపురమే, శాసనసభ స్థానం మాత్రం మారిపోతుంది. రెండు ఓట్లకూ ఏ కాగితం ఇస్తున్నారో మొదటి ట్రైనింగ్‌లోనే అడిగి తేల్చుకోండి.

రైల్వే, కరెంటు, ఆస్పత్రి, అగ్నిమాపకం లాంటి అత్యవసర సేవల్లో ఆ రోజు డ్యూటీలో ఉండేవాళ్ళకు కూడా 12డి వర్తిస్తుంది. ఏ శాఖలు అన్నది ప్రతి ఎన్నికకూ ప్రకటిస్తారు. శాఖలో ఇందుకోసం పెట్టిన నోడల్ అధికారి ధ్రువీకరించాలి. వీళ్ళ ఇంటికి ఎవరూ రారు. పోలింగ్‌కు ముందు మూడు రోజులు తెరిచే పోస్టల్ ఓటింగ్ కేంద్రానికి వీళ్ళే వెళ్ళి వేయాలి. మన దేశంలో ముందస్తు ఓటుకు దగ్గరగా ఉన్నది ఏదైనా ఉంటే ఇదే.

సైన్యంలో ఉన్న పిల్లలు

ఇటు గజపతి జిల్లాలోనూ అటు శ్రీకాకుళంలోనూ సైన్యంలో, సీఆర్‌పీఎఫ్‌లో, బీఎస్ఎఫ్‌లో పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు సర్వీసు ఓటర్లు. బ్యాలెట్ వాళ్ళ యూనిట్‌కు ఆన్‌లైన్‌లో వస్తుంది. దాన్ని ప్రింటు తీసి, ఓటు వేసి, పోస్టులో వెనక్కి పంపాలి. వెళ్ళేటప్పుడు క్షణాల్లో పోయేది, తిరిగి వచ్చేటప్పుడు కశ్మీరు నుంచో అరుణాచల్ నుంచో పోస్టు బండి మీద రావాలి. లెక్కింపు రోజు పొద్దున్న 8 గంటల్లోగా చేరకపోతే లెక్కపెట్టరు.

రెండో దారి మారు ఓటు. ఫారం 13ఎఫ్‌తో ఊళ్ళో ఉన్న నమ్మకస్తుణ్ణి నియమించుకుంటే, ఆయన సైనికుడి తరఫున బూత్‌కెళ్ళి వేస్తాడు. ఆ మనిషి ఆ నియోజకవర్గంలో ఉంటూ 18 ఏళ్ళు నిండినవాడై ఉండాలి. తన సొంత ఓటుకు చూపుడువేలికి సిరా పెడితే, మారు ఓటుకు ఎడమచేతి మధ్యవేలికి పెడతారు. ఎక్కడ పోస్టింగ్ పడుతుందో తెలియని, పోస్టు ఆలస్యమయ్యే సరిహద్దు పోస్టుల్లో ఉండే పిల్లాడికి మారు ఓటే మేలు. అయితే వేసేది నాన్నగారైనా ఓటు పిల్లాడిది. ఎవరికి వేయాలో వాడు చెప్పినట్టే వేసే మనిషిని పెట్టుకోవాలి. ఆ నమ్మకం లేకపోతే పోస్టల్ బ్యాలెట్టే వాడమని చెప్పండి.

విశాఖలో, సూరత్‌లో పనిచేసేవాళ్ళు

మన వలస పనివాళ్ళకు పై వాటిలో ఒక్కటీ వర్తించదు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ఉన్న చోటి నుంచే సొంత ఊరి ఓటు వేసేలా ఒక యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలకు చూపించడానికి పిలిచింది. చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి, అది అక్కడే ఆగిపోయింది. కాబట్టి వలసవాళ్ళకు మిగిలినవి రెండే: వచ్చి వేయడం, లేదా ఓటును పనిచేసే ఊరికి మార్చుకోవడం.

విశాఖలోనో, శ్రీకాకుళంలోనో ఉండి నెలకోసారైనా ఇంటికి వచ్చేవాళ్ళు ఓటు ఇక్కడే ఉంచుకోండి. విశాఖ-గుణుపురం రైలు ఎక్కితే అదే రోజు ఊళ్ళో ఉంటారు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు మీ హక్కు, ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షను ఆ మాట చెబుతోంది. రోజుకూలీలకూ వర్తిస్తుంది. పనిచేసేది వేరే నియోజకవర్గంలో అయినా వర్తిస్తుంది. కాంట్రాక్టరు కాదంటే ఈ సెక్షను పేరు చెప్పి అడగండి.

సూరత్ లెక్క వేరు. సెలవు ఒక రోజే, రానూపోనూ ప్రయాణానికి చాలా రోజులు పోతాయి, కూలీ పోతుంది, టికెట్ ఖర్చు. భార్యాపిల్లలతో అక్కడే గది తీసుకుని ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళు ఫారం 8తో ఓటు అక్కడికి మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అక్కడి నీళ్ళు, డ్రైనేజీ, బడి మీ బతుకును నడుపుతున్నప్పుడు అక్కడి ఎమ్మెల్యేను అడిగే బలం మీకు ఉండాలి. ఊళ్ళో ఓటు పోతే రేషన్ కార్డూ పోతుందని చాలామంది భయపడతారు. ఓటరు జాబితా వేరు, రేషన్ వేరు. ఇల్లాలూ పిల్లలూ ఊళ్ళోనే ఉండి, తాను పంటలకూ పండక్కీ తిరిగొచ్చే మనిషైతే మాత్రం మార్చుకోవద్దు.

మార్చుకోవాలనుకుంటే ముందే చేయాలి. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో పేరు చేర్చరు. అభ్యంతరాలకు వారం రోజులు పడుతుంది కాబట్టి ఆ తేదీకి కనీసం పదిరోజులు ముందే ఫారం పడాలి. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇంటి దగ్గర గానీ, హాస్టల్ దగ్గర గానీ ఒకచోట నమోదు చేసుకునే వీలుంది. విదేశాల్లో ఉండి భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు ఫారం 6ఎతో నమోదైనా, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వచ్చి బూత్‌లోనే వేయాలి.

రెండు వైపులా ఓటుంటే

పర్లాకిమిడి అమ్మాయిని టెక్కలి ఇస్తారు, పాతపట్నం అమ్మాయి కాశీనగరం కోడలవుతుంది. అత్తారింట్లో కొత్త ఓటరుగా నమోదయ్యే ఫారం 6 పెట్టి కార్డు తెచ్చుకుంటారు. పుట్టింటి జాబితాలో పేరు అలాగే ఉండిపోతుంది. ఇది తప్పు. చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్కచోటే ఉండాలి. ఇంకెక్కడా ఓటు లేదని అబద్ధపు ప్రమాణం చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఒకే ఎన్నికల్లో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే రెండూ చెల్లవు. సరైన పద్ధతి, పాత కార్డు నంబరుతో అత్తారింటి చిరునామాకు ఫారం 8 పెట్టడం. కొత్తచోట చేరడం, పాతచోట తీసేయడం ఒకే దరఖాస్తుతో సాగుతాయి.

కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు కొటియా ఊళ్ళ సంగతి వేరు. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న చోట జనం చేతికి రెండు కార్డులు వచ్చాయి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా జివతి దగ్గర మహారాజ్‌గూడ లాంటి ఊళ్ళదీ అదే పరిస్థితి. 2024లో చంద్రపూర్‌లో పోలింగ్ ఏప్రిల్ 19న, తెలంగాణలో మే 13న జరిగింది. అంటే వాళ్ళకు రెండు చోట్లా వేసే వ్యవధి కూడా దొరికింది. రెండు ప్రభుత్వాలు తేల్చని హద్దుకు ఆ ఊరివాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ వివాదం లేని ఊళ్ళో ఉన్న మనం వాళ్ళను చూపించి రెండు కార్డులు దాచుకోవడం కుదరదు.

మీ పేరు ఎక్కడెక్కడ ఉందో ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి గానీ, ఎన్నికల సంఘం ఓటరు వెబ్‌సైటులో వెతికి గానీ చూసుకోవచ్చు. వెతికేటప్పుడు పేరుతో కాకుండా కార్డు నంబరుతో వెతకండి. మన ఇంటిపేర్లు ఒడియాలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి అక్షరాలు మారిపోయి పేరుతో దొరకవు. రెండోచోట పేరు కనిపిస్తే ఫారం 7 పెట్టి తీయించేసుకోండి. రసీదు నంబరు రాసి ఉంచుకుని, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వెతికి, నిజంగా తీసేశారో లేదో చూడండి.